నీళ్లొచ్చాయి... ఊరు పోయింది!

శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణమ్మ పోతిరెడ్డిపాడు గేట్లు దాటుతుంది. బానకచర్ల దగ్గర పాయలుగా చీలుతుంది. ఒక పాయ వెలుగోడు మీదుగా వచ్చి మైదుకూరు వైపు బ్రహ్మంసాగర్‌ను నింపుతుంది. ఇంకో పాయ అవుకు కొండ కింద సొరంగంలో దూరి గండికోటలో తేలుతుంది. అక్కణ్నుంచి మైలవరానికి కొంత, పైడిపాలేనికి కొంత, చిత్రావతి జలాశయానికి కొంత... పులివెందుల చీనీ తోటలకు ఆసరా ఈ నీళ్లే. వాన ముఖం చాటేసే సీమకు ఇంతకంటే మంచి కబురేముంటుంది!

మరి, ఆ నీళ్లు నిలవడానికి చోటిచ్చినవాళ్ల సంగతేమిటి?

గండికోట అనగానే మనకు కోట, పెన్న లోయ, సినిమా షూటింగులు గుర్తొస్తాయి. 26.85 టీఎంసీల జలాశయం వెనకాల మునిగిన ఊళ్లు మాత్రం గుర్తుకు రావు. తాళ్లప్రొద్దుటూరు, చామలూరు, కొండాపురం... ముంపు జాబితాకెక్కిన ఊళ్లు 20కి పైనే. నల్లరేగడి నేలలు, శనగ పంట, నాపరాళ్ల గోడల మిద్దెలు. 2020 వానాకాలంలో ఒకపక్క జలాశయం నిండుతుంటే, మరోపక్క తాళ్లప్రొద్దుటూరు జనం పరిహారం తేల్చమని రోడ్డు మీద కూచున్నారు. నీళ్లు ఆగలేదు. ద్వారబంధాలు, దూలాలు పెరుక్కుని ట్రాక్టర్లకెత్తుకోవాల్సి వచ్చింది.

పరిహారం ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. కుటుంబానికి 10 లక్షల రూపాయల దాకా పెంచారు కూడా. అసలు పేచీ ఎక్కడుందంటే, కుటుంబమంటే ఎవరన్న దగ్గర.

2013 భూసేకరణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండినవాళ్లను విడి కుటుంబంగా లెక్కించాలి. బాగానే ఉంది. కానీ ఏ రోజుకు నిండాలి? అధికారులు ఒక తేదీ గీస్తారు. దాని పేరు కటాఫ్. ఆ గీతకు ఇవతల పుట్టినవాడికి ప్యాకేజీ, ఇంటి స్థలం. నెల అవతల పుట్టినవాడికి ఏమీ లేదు. ఇద్దరి ఇళ్లూ ఒకే రోజు మునుగుతాయి! గండికోట పనులు జోరందుకున్నది 2004 తర్వాత జలయజ్ఞంలో. ఊరు పూర్తిగా కదిలింది 2020లో. పనులు మొదలైనప్పుడు పలక పట్టుకుని బడికెళ్లిన ఆరేళ్ల పిల్లవాడు అప్పటికి పెళ్లీడు దాటాడు. వాడి పిల్లలూ ఆ ఊళ్లోనే పుట్టి ఉండొచ్చు. కాగితం మీద మాత్రం వాడింకా నాన్న చాటు బిడ్డే. ఇన్నేళ్లు ఆలస్యం చేసింది ప్రభుత్వాలు... ఆ ఆలస్యానికి జరిమానా కట్టింది కుర్రాళ్లు. ఇదెక్కడి లెక్క?

ఇక భూమి లేనివాళ్ల కథ వేరు. పొలానికి ఎకరాకింత అని ధర కట్టొచ్చు. కౌలుకు చేసుకునేవాడికి, జీవాలు మేపుకునేవాడికి, ఊరి బట్టలుతికి గింజలు తెచ్చుకునే ఇల్లాలికి ఏం ధర కడతారు? శెట్టి అంగట్లో రాయించుకునే అరువుకి, అప్పు పుట్టే మాటకి ఏ రిజిస్టరూ లేదు. కాలనీలో ఇల్లు కట్టుకోవచ్చు, పనిచ్చే ఆసామి మాత్రం పక్క వీధిలో ఉండడు. చేతికొచ్చిన డబ్బు గోడలకీ, పాత బాకీలకీ పోయాక ప్రొద్దుటూరు కూలీ అడ్డా మీదే నిలబడాలి.

ఇది సీమకు కొత్తా అంటే, కాదు. గండికోటలో నిలిచిన నీళ్లే అంతకుముందు శ్రీశైలంలో వందకు పైగా ఊళ్లను ముంచాయి. 1981లో ‘ఆపరేషన్ డిమాలిషన్’ పేరుతో అక్కడి ఇళ్లను కూలగొట్టారు. చెదిరిపోయినవాళ్లు లక్షకు పైనే. ఇంటికో ఉద్యోగమంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాని కోసం తిరిగిన కుర్రాళ్లకు జుట్టు నెరిసింది తప్ప, అందరికీ కొలువులు రాలేదు. ఆ అనుభవం చూసినవాళ్లు గండికోటలో ముందు ప్యాకేజీ, తర్వాతే నీళ్లు అని పట్టుబట్టారంటే తప్పెలా అవుతుంది?

సరిహద్దు దాటి పారిపోయినవాళ్లను శరణార్థులంటారు. వాళ్ల కోసం 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందముంది. సొంత జిల్లాలోనే ఊరు పోగొట్టుకున్నవాళ్లు నిర్వాసితులు. వాళ్లకు ఆ ఒప్పందం వర్తించదు. ఈ రెండు రకాలవాళ్లూ ఒకే గడ్డ మీద చేరిన చోటు ఒకటుంది. తూర్పు సూడాన్‌లోని ఖష్మ్ అల్ గిర్బా. ఈజిప్టు కట్టిన ఆస్వాన్ హైడ్యామ్ నీళ్లు సూడాన్‌లోకి ఎగదన్ని వాదీ హల్ఫాను ముంచితే, అక్కడి నూబియన్లను 1960లలో ఆ ఎడారంచుకు తరలించారు. కొన్నేళ్లకే పొరుగునున్న ఎరిత్రియా నుంచి యుద్ధానికి జడిసి జనం అదే ప్రాంతానికి వచ్చారు. దశాబ్దాలు గడిచినా శిబిరాల్లోనే ఉండిపోయి, తమను ఇంకో దేశమైనా తీసుకుంటుందేమోనని ఎదురుచూసేవాళ్లున్నారు. ఎదురుచూపు విషయంలో వాళ్లకూ మనవాళ్లకూ పెద్ద తేడా కనిపించదు.

గండికోట నిర్వాసితులు అడిగేది ఆకాశంలో చందమామను కాదు. ఇల్లు ఖాళీ చేసిన రోజుకు 18 నిండిన ప్రతి ఒక్కరినీ లెక్కలో రాయమంటున్నారు. అలా రాయడం న్యాయమే. చేయడం కష్టమూ కాదు. ఓటరు జాబితా ఉంది, రేషన్ కార్డు ఉంది, బడి రిజిస్టరు ఉంది. నీళ్ల కింద పడింది ఊరే గానీ, కాగితాలు కాదు కదా!