తిరునాళ్ళకు ముందు గూడుబండి

ఏలూరు మొదలు కొల్లేటి లంకల వరకును, తాడేపల్లిగూడెము మొదలు చిన్నతిరుపతి యనబడు ద్వారకాతిరుమల మెట్టల వరకును వ్యాపించిన ఈ సీమలో, సార్వా కుప్పలు నూర్పులై, ధాన్యము గాదెల కెక్కి, సంక్రాంతి సంబరము ముగిసినంతనే జనుల మనస్సులు తిరునాళ్ళ వైపునకు మరలుచుండెడివి. మాఘమాసమున మహాశివరాత్రికి గోదావరి నడుమ పట్టిసీమ కొండపై వెలసిన వీరభద్రుని దర్శనము, ఫాల్గునమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, వైశాఖమున చిన్నతిరుపతి వేంకటేశ్వరుని కల్యాణము ఒకదాని వెంట నొకటిగా వచ్చుచుండగా, మోటారు వాహనములు పల్లె ముఖము చూడని ఆ దినములలో సంసారియైన రైతునకు వాహనమును, విడిదియిల్లును, వంటసామగ్రి యుంచుకొను కొట్టును సర్వమును గూడుబండియే. కొల్లేటికోటకు పోవువారు సైతము నీటి యంచువరకు బండ్లలో వచ్చి, అచ్చట ఎడ్లను విప్పి, తక్కిన దారి పడవలపై సాగించెడివారు.

దారిలో ఇరుకుగా నుండు ఈ యిల్లు విడిది చేరగనే పెరుగును. నొగలను ఊతకర్రపై నిలిపి, గూడు అంచునకు గోనెపట్టానో దుప్పటినో ముడివేసి, దానిని ప్రక్కకు లాగి రెండు గుంజలకు కట్టినచో, నలుగురు ఒదిగి కూర్చుండు తావునకు తోడుగా ఇల్లాలు పొయ్యి పెట్టుకొనుటకును, పిల్లలు పండుకొనుటకును చాలిన పంచ యొకటి యేర్పడును. ప్రయాణములో ముడుచుకొని మజిలీలో విప్పుకొనెడి ఈ యేర్పాటునే పాశ్చాత్యులు యంత్రబద్ధము గావించినారు. అమెరికాలో మోటారు వాహనము వెనుక తగిలించి ఈడ్చుకొనిపోవు ట్రావెల్ ట్రైలర్ అను చక్రముల యింటికి ప్రక్కగోడలో స్లైడ్-అవుట్ అను చిన్నగది యుండును. దారిలో అది లోపలికి ఒదిగియుండి, విడిదిలో మీట నొక్కగనే సొరుగువలె వెలికి జరుగును. ఇండియానా రాష్ట్రమందలి ఎల్క్‌హార్ట్ పట్టణము ఇట్టి బండ్ల తయారీకి పేరుపొందినది.

గూడుబండికైనను, ఆ ట్రైలర్‌కైనను నడిచి అరుగుటకన్న నిలిచి చెడుటయే అధికము. వర్షాకాలమున పల్లపు దారులు బురదలై బండి నెలల తరబడి కొట్టములో పడియుండును. చక్రము కదలక ఒకేచోట ఆనియుండుటచే నేలను తాకిన భాగము చెమ్మను పీల్చి ఉబ్బును; పైభాగము పొడిగానే యుండును. అడుగుపలకలకు చెద పట్టును, గూటి త్రాళ్ళను ఎలుకలు కొరుకును, ఇరుసుపై మిగిలిన కందెన ధూళితో కలిసి గట్టిపడును. పిమ్మట మాఘ ఫాల్గునముల యెండకు అదే కొయ్య ఎండి కుంచించుకొనగా, నిన్నటివరకు బిగువుగా నున్న అతుకులన్నియు వదులగును. కావున తిరునాళ్ళ సన్నాహమనగా బండికి రంగులు వేయుటయు, ఎడ్ల కొమ్ములకు కుప్పెలు తొడుగుటయు మాత్రమే గాక, కదలెడి భాగము కదలని భాగమును తాకు ప్రతి తావును వెదకి పరీక్షించుట యని గ్రహింపవలెను.

ఆ పరీక్ష ఇరుసుతో ఆరంభమగును. బండిని ఊతకర్రలపై ఎత్తి నిలిపి, ఇరుసు కొనలయందలి కడచీలలను ఊడబెరికి, చక్రములను వెలికి లాగినచో, ఇనుముపై నల్లని జిడ్డు దట్టముగా పేరుకొనియుండును. దానిని వ్రేళ్ళ నడుమ నలిపి చూచిన ఇసుక గరగర తెలియును; ఇరుసును కొంచెము కొంచెముగా తినివేయునది ఆ యిసుకయే. పాత జిడ్డుపై క్రొత్త కందెన పూయువాడు ఆ యిసుకకు మరింత పని కల్పించినవా డగును. కావున గోనెపీలికతో ఇరుసును, చక్రపు కుండలో బిగించిన ఇనుపగొట్టమును నిగనిగలాడునట్లు తుడిచిన పిమ్మటనే క్రొత్తది వేయవలెను. వరిగడ్డిని కాల్చి, ఆ మసిని మెత్తగా జల్లించి, ఆముదముతో మెదిపిన ముద్దయే పూర్వపు కందెన. ఆముదము సహజముగానే చిక్కనిది, ఇనుమును విడువక అంటియుండునది. మసి చేరుటచే అది మరింత చిక్కబడి, ఎండవేడికి కారిపోక ఇరుసుపై నిలుచును. దారి పొడవున వాడుకొనుటకు దీనిని వెదురుగొట్టములో నింపి బండిక్రింద వ్రేలాడగట్టెడివారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనవారు ఊరకే అనలేదు. ఆ సంగీతము వినబడునప్పటికే ఇరుసునకు కావలసినంత చేటు జరిగియుండును.

పిమ్మట చక్రము. దాని ఆకులను ఒక్కొక్కదానిని సుత్తితో మెల్లగా తట్టినచో, బిగువుగా నున్నది గట్టిగా మ్రోగును, వదులైనది డొల్లగా పలుకును. వదులు స్వల్పమైనచో చక్రమును ఒకరాత్రి చెరువునీట నుంచుట కలదు. కొయ్య ఉబ్బి అతుకులు తాత్కాలికముగా బిగియును. అయితే ఇది యాత్రకు పనికివచ్చు చికిత్స కాదు. కొల్లేటి చెమ్మగాలికి అలవాటుపడిన చక్రము తాడేపల్లిగూడెము దాటి మెట్టదారి పట్టి, ఎండలో ఎర్రమట్టిపై దొర్లినకొలది ఆ నీరంతయు ఆరిపోయి, మొదటికన్న వదులగును. చక్రము చుట్టునున్న ఇనుపకట్టు సడలి జారుటకు అదియే అదను.

కుదురైన చికిత్స ఇనుపకట్టును తిరిగి వేయించుట. కమ్మరి పాతకట్టును తీసి, కొంతమేర కోసి, తిరిగి అతికి, చక్రపు చుట్టుకొలతకన్న కొంచెము కురచ గావించును. ఆ పిదప దానిని నేలపై పరచి, చుట్టును పిడకలు పేర్చి నిప్పంటించును. అయిదడుగుల వ్యాసముగల కట్టు చుట్టుకొలత పదునైదడుగులకు మించును. వేడిమి 500 డిగ్రీల సెంటిగ్రేడు మేర పెరిగినచో ఆ యినుము ఒక అంగుళమునకు పైగా సాగును. ఎర్రగా కాలిన కట్టును ముగ్గురు నలుగురు పట్టుకార్లతో ఎత్తి చక్రముపై దింపి, సుత్తులతో సరిపుచ్చి, కొయ్య అంటుకొనకమునుపే కడవలతో నీరు గుమ్మరింతురు. బుస్సుమని ఆవిరి లేచుచుండగా, ఇనుము చల్లబడి కుంచించుకొని, ఆకులను కుండలోనికి బలముగా నొక్కివేయును. కిర్రుమని అతుకులు ఒకటొకటిగా బిగియుట చెవికి వినవచ్చును. ఒక్క మేకైనను లేకుండ చక్రమంతటిని ఏకముగా పట్టియుంచునది ఈ బిగువే.

గూటి పని తేలిక. వంచిన వెదురుబద్దలలో చీలినవానిని మార్చి, కొల్లేటి ప్రాంతమున సమృద్ధిగా దొరకు తుంగతో నల్లిన చాపలను పైన కప్పి, క్రొత్త త్రాళ్ళతో బిగించిన చాలును. లోపల ఒక యెత్తు గడ్డిని పరచి, దానిపై జంపఖానా వేసినచో ప్రయాణికులకు మెత్త, ఎడ్లకు మేత.

బరువు సర్దుటయందు మాత్రము విశేషమైన తెలివి కావలయును. రెండు చక్రముల బండి ఇరుసుపై త్రాసువలె నిలుచునది గనుక, బియ్యపు బస్తా, గిన్నెలు, పెద్దలు వెనుకకు చేరినచో కాడి పైకి లేచి పలుపు ఎడ్ల గొంతును నొక్కును. ముందునకు చేరినచో బరువంతయు మెడలపై పడును. కొంచెము మునుబరువుండుట మేలని బండ్లవారి అనుభవము. ఆశ్చర్యమేమనగా అమెరికా ట్రైలర్ల లెక్కయు ఇంచుమించు ఇదియే. మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 పాళ్ళు ముందున్న కొక్కెముపై పడవలెనని అచ్చటి నియమము. అంతకు తక్కువైనచో బండి వెనుకభాగము దారిలో అటునిటు ఊగి ప్రమాదము తెచ్చును.

ఆ దేశమున మే నెలాఖరునందలి మెమోరియల్ డే మొదలు సెప్టెంబరు తొలి సోమవారమందలి లేబర్ డే వరకు విడుదుల ఋతువు. చలికాలమంతయు కదలక నిలిచిన స్లైడ్-అవుట్‌ను దానికి ముందు సిద్ధపరచు విధానము మన బండి సన్నాహమునకు చుట్టమే. మొదట గది పైకప్పున చేరిన ఆకులను, పుల్లలను ఊడ్చివేయవలెను. లేనిచో గది లోపలికి జరుగునపుడు అవి గోడసందున చిక్కుకొని, చుట్టునున్న రబ్బరు పట్టీలను చీల్చి, వాననీటికి త్రోవ చూపును. ఆ పట్టీలను తేలికపాటి సబ్బునీటితో కడిగి, పగుళ్ళున్నవేమో చూచి, రబ్బరునకు తగిన పూత పూయుదురు. పెట్రోలియము నూనెలు రబ్బరును ఉబ్బించి పాడుచేయును గనుక అవి కూడవు. గది మూలలయందు నేలను పాదముతో నొక్కినప్పుడు మెత్తగా దిగినచో లోపలి కొయ్య నీటికి క్రుళ్ళినదని గుర్తు. గదిని జరుపు పండ్లచక్రములకును పట్టాలకును మాత్రము మన కందెన న్యాయము తలక్రిందగును. అవి బయటి ధూళికి తెరచి యుండునవి గనుక జిడ్డు పూసినచో ధూళి అంటుకొని అరగదీయును. అందువలన తడి లేని పొడికందెనను తుంపరగా చల్లుదురు.

ఆ గదిని కదల్చుటకును ఒక క్రమము కలదు. ముందుగా ట్రైలర్ చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, బండిని సమతలముగా నిలిపి, బ్యాటరీ నిండుగా నున్నదని చూచుకొని, లోపలను వెలుపలను అడ్డము లేదని నిశ్చయించుకొన్న పిమ్మటనే మీట నొక్కవలెను. బ్యాటరీ నీరసించినచో మోటారు గదిని సగములో విడిచి నిలిచిపోవును. రెండంచులును సమముగా రానియెడల, లేక వింతధ్వని వినవచ్చినయెడల, మీటను మరింత నొక్కక ఆపి కారణము వెదకవలెను. మొండిగా నొక్కినచో పండ్లు విరుగును.

ఇదంతయు ముగిసిన పిదప తుదిపరీక్ష యొకటి మిగులును. యాత్రకు వారము ముందుగా, తీసికొనిపోదలచినంత బరువును ఎక్కించి, బండిని ఊరిచుట్టు ఒకమారు త్రిప్పి, నిలిపినంతనే చక్రపు కుండపై అరచేయి యుంచి చూడవలెను. చల్లగానో గోరువెచ్చగానో ఉన్నచో నిశ్చింత. చుర్రుమన్నచో కందెన అందలేదన్న మాట. ట్రైలర్ యజమానులును తొలిమజిలీలో దిగి చక్రపు నడిమిభాగమును ఇట్లే తాకి చూచుకొందురు. స్లైడ్-అవుట్‌ను ఇంటిముంగిటనే ఒకటి రెండు మారులు జరిపి చూచిన గాని బయలుదేరరు. ఇంటివద్ద తేలిన లోపము వడ్రంగి పూటపని. అదియే చిన్నతిరుపతి దారి నడుమ తేలినచో, ముసలి ముతక మొదలు చంటిబిడ్డల వరకు సంసారమంతయు ఎండలో దిగి నిలువవలసిన పని.