ఉపకారమూ ఋణమూ: పౌలు లేఖలలో కృతజ్ఞత

ఆపదలో ఆదుకొన్నవారికి కృతజ్ఞత తెలుపడం తేలికైన పని అని మనం తలుస్తాము. సాయం పొందినవాడు చేతులు కట్టుకొని నిలువకుండా, చేసినవాడు మీసం మెలివేయకుండా ఆ మాట నడవడం ఎంత కష్టమో ఒకరి దయతో చదువుకొన్నవారికి తెలుసు. మన విద్యార్థులలో పలువురి జీతం ఇంకొకరు కట్టినదే గనుక ఈ విషయం మనకు దూరమైనది కాదు. క్రైస్తవులు దీనిని ఎట్లు చూచినారో తెలియడానికి పౌలు ఫిలిప్పీ సంఘానికి వ్రాసిన లేఖ మంచి ఆధారం.

క్రీ.శ. మొదటి శతాబ్ది మధ్యకాలంలో, బందీగా ఉండి వ్రాసిన 4 అధ్యాయాల చిన్న లేఖ ఇది. ఆనాటి రోమను నిర్బంధంలో ఖైదీల కూడు గుడ్డలు చాలావరకు బంధుమిత్రులే చూచుకొనవలసి వచ్చేది. మాసిదోనియలోని ఫిలిప్పీ విశ్వాసులు ఎపఫ్రొదితు అనే తమవాని చేతికి కానుకలిచ్చి పంపినారు. అతడు జబ్బుపడి చావు తప్పి బ్రతికినాడు.

రోమను సమాజంలో ఉపకారం ఒక బంధనం. దాత పోషకుడు, గ్రహీత అతని ఆశ్రితుడు. తెల్లవారగానే పోషకుని వాకిట నిలిచి నమస్కరించడం ఆశ్రితుని విధి. పౌలు ఈ చట్రంలో ఇమడలేదు. అతడు వర్తకుల పలుకుబడి ఎత్తుకొన్నాడు: ఇచ్చిపుచ్చుకొనడం, లెక్క, జమ. గ్రీకు రసీదులలో పైకం ముట్టినదని తెలుపడానికి వాడే క్రియనే వాడి, ఇక మీ అవసరం దేవుడు తీర్చగలడన్నాడు. అనగా బాకీ తీర్చేవాడు మూడవవాడు. కనుక దాత యజమాని కాడు, గ్రహీత దాసుడూ కాడు. కానుక అందినదన్న చోట పౌలు సూటిగా ధన్యవాదం చెప్పలేదని వ్యాఖ్యాతలు కొందరు ఆశ్చర్యపడినారు. మాకు మాత్రం అది ఆత్మగౌరవం గల సంస్కారంగానే తోస్తుంది.

అయితే స్తుతి అంతా దేవునికే పోతే మనిషి మరుగున పడడా? రోమీయులకు వ్రాసిన లేఖ చివరి అధ్యాయం దీనికి సమాధానం. 20 మందికి పైగా మనుష్యులు అక్కడ పేరుపేరునా కనిపిస్తారు. అనేకులకు సహాయురాలైన ఫీబే, తనకోసం ప్రాణాలకు తెగించిన ప్రిస్క, అకుల దంపతులు వారిలో ఉన్నారు. రూఫు తల్లి పేరైనా చెప్పలేదు. ఆమె తనకూ తల్లియే అన్నాడు, అంతే. ఏమి చేసినదో చెప్పని ఆ ఒక్క మాట మాకు మిక్కిలి ఇష్టం. తెలుగు బైబిలులో ఈ పలకరింపులకు వాడిన 'వందనములు' అన్న మాటతోనే మన క్రైస్తవ సోదరులు నేటికీ ఒకరినొకరు పలుకరించుకొంటారు.

స్వస్థుడైన ఎపఫ్రొదితును పౌలు ఫిలిప్పీకి తిరిగి పంపినాడు. తన జబ్బు సంగతి తనవారికి తెలిసినదని అతడే దిగులుపడుతున్నాడట. అట్టివారిని గౌరవించండని పౌలు వ్రాసినాడు. ఆ లేఖను మోసికొనిపోయినవాడు ఎపఫ్రొదితే అని పండితులు భావిస్తారు.