అమెరికా మెడికల్ కాలేజీలు విద్యార్థిలో ఏం చూస్తాయి?

అమెరికాలో వైద్యవిద్యకు వెళ్లాలంటే సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. ఏ సబ్జెక్టులో పట్టా తీసుకున్నా ఫర్వాలేదు కానీ, జీవ, రసాయన, భౌతిక శాస్త్రాల్లో కాలేజీలు అడిగే కోర్సులు పూర్తిచేసి ఉండాలి. మన నీట్‌లో ర్యాంకు, కేటగిరీ, స్థానికత తేలితే సీటు సంగతి తేలిపోతుంది. అక్కడ మార్కులు చూశాక ఇంకా చూడాల్సింది చాలా ఉంటుంది.

మొదట చూసేవి రెండు అంకెలు. ఒకటి జీపీఏ, అంటే 4 పాయింట్లకు లెక్కగట్టే డిగ్రీ మార్కుల సగటు. రెండోది వైద్య కళాశాలల ప్రవేశపరీక్ష ఎంక్యాట్‌లో వచ్చిన స్కోరు. నాలుగు విభాగాల ఈ పరీక్షలో మొత్తం స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది. 2015లో మనస్తత్వశాస్త్రం, సామాజికశాస్త్రం కూడా ఇందులో చేరాయి. రోగి ఆదాయం, అలవాట్లు, కుటుంబ పరిస్థితులు జబ్బును ఎలా మారుస్తాయో డాక్టరుకు తెలియాలన్నది ఉద్దేశం. ఇటీవల సీటు దక్కినవారి సగటు స్కోరు సుమారు 511-512. ఏటా 50 వేలమందికి పైగా దరఖాస్తు చేస్తే చేరేది దాదాపు 23 వేలమందే. కాబట్టి మంచి మార్కులున్నవారిలోనూ ఎంతోమందికి సీటు రాదు.

తర్వాత చూసేది అనుభవం. దరఖాస్తులో గరిష్ఠంగా 15 పనులు రాయవచ్చు. ఆసుపత్రిలో వాలంటీరుగా పనిచేయడం, డాక్టరు వెంట ఉండి గమనించడం, పరిశోధన, సమాజసేవ వీటిలో ముఖ్యమైనవి. పదిచోట్ల నాలుగు రోజుల చొప్పున తిరిగినదానికన్నా ఒకేచోట ఏళ్లపాటు నిలిచి చేసిన సేవకే విలువ ఎక్కువ. నొప్పితో ఉన్న మనిషి పక్కన కూర్చున్న అనుభవం లేనివారికి ఈ వృత్తి తమకు సరిపడుతుందో లేదో తెలియదు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో 5,300 అక్షరాలకు మించని వ్యాసంలో చెప్పాలి. విద్యార్థిని దగ్గరగా చూసిన అధ్యాపకుల సిఫారసు లేఖలు దానికి తోడవుతాయి.

చివరిది ఇంటర్వ్యూ. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) పద్ధతిని చాలా కాలేజీలు పాటిస్తున్నాయి. అభ్యర్థి కొన్ని నిమిషాలకొక గది చొప్పున తిరుగుతూ, ఒక్కోచోట ఒక్కో పరీక్షకుడి ముందు కొత్త సమస్యకు జవాబివ్వాలి. స్నేహితుడు కాపీ కొడుతుండగా చూస్తే ఏం చేస్తారు లాంటి ప్రశ్నలుంటాయి. జవాబు కన్నా ఆలోచించే తీరు, ఎదుటివారి మాట వినే ఓపిక ముఖ్యం. పరీక్షకులు పలువురు కావడంతో ఏ ఒక్కరి ఇష్టాయిష్టాలూ ఫలితాన్ని శాసించవు.

ప్రతి కాలేజీకీ సొంత లక్ష్యం ఉంటుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు డులూత్ క్యాంపస్ గ్రామీణ వైద్యానికి, అమెరికా ఆదివాసీల ఆరోగ్యానికి ప్రాధాన్యమిస్తుంది. మరికొన్ని పరిశోధనవైపు మొగ్గుతాయి. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివారిని చాలా కాలేజీలు తీసుకోవు. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాపై ఆధారపడిన హెచ్-4 వీసాతో అక్కడే పెరిగిన తెలుగు పిల్లలు ఈ నిబంధనను దరఖాస్తుకు ముందే కాలేజీలవారీగా చూసుకోవాలి.