కోలుకుంటుండగా బయటపడే కుష్ఠు

కుష్ఠు వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. అది ఒకటి రెండు కావడానికి సుమారు 2 వారాలు పడుతుంది. వ్యాధి పైకి కనబడడానికి ఒక్కొక్కప్పుడు 20 ఏళ్ళు కూడా పట్టవచ్చు. ఈ క్రిమి చెప్పుకోదగిన విషాలేవీ వెదజల్లదు. స్పర్శ తెలియని మచ్చలు, ఉబ్బిన నరాలు, వంగిపోయిన వేళ్ళు, వీటిలో చాలా భాగం దేహం దానితో సాగించే పోరాటంలో కలిగిన నష్టమే.

ఈ క్రిమిని ఎదిరించగల వారిలో వ్యాధి ఒకటి రెండు మచ్చలతో ఆగుతుంది. ఎదిరించలేని వారిలో ఒళ్ళంతా వ్యాపిస్తుంది. ఈ లెక్కన ఎయిడ్స్ వైరస్ సోకినవారిలో కుష్ఠు విజృంభించవలసింది. క్షయ విషయంలో అలాగే జరిగింది. కుష్ఠు విషయంలో జరగలేదు. పైగా, వైరస్‌ను అణచే మందులు పనిచేసి రక్షక కణాలు తిరిగి పెరుగుతున్న తొలి నెలలలో, అంతవరకు జాడలేని కుష్ఠు బయటపడడం వైద్యులు గమనించారు. లండన్‌లో చికిత్స పొందిన ఒక ఉగాండా దేశీయుని ఉదంతం 2003లో ప్రచురితమైంది. ఆ తరువాత బ్రెజిల్, భారతదేశాల నుండి కూడా ఇటువంటివి వెలువడ్డాయి. మామూలుగా పుండు పడని మచ్చలు వీరిలో కొందరికి పుండ్లు పడడం మరొక విశేషం. యుద్ధం లేనప్పుడు క్షేత్రం ప్రశాంతంగానే ఉంటుంది కదా!

కీళ్ళవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కథ దీనికి దగ్గరిదే. క్రిములను చుట్టుముట్టి బంధించడానికి దేహం టి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీన్‌ను వాడుకుంటుంది. ఈ మందు దానినే పట్టి నిర్వీర్యం చేస్తుంది. ఈ మందు వాడుతుండగా కుష్ఠు బయటపడిన ఇద్దరి వివరాలు అమెరికాలో 2006లో ప్రచురితమైనాయి. మందు ఆపగానే రక్షణ శక్తి మేల్కొని మచ్చలు మరింత ఎర్రబారి వాచాయి. రసాయన శాస్త్రజ్ఞులకు ఇందులో ఒక వింత ఉంది. గర్భస్థ శిశువులను వికలాంగులను చేసి అపఖ్యాతి పాలైన థాలిడోమైడ్, కుష్ఠు రోగులలో ఒక రకం వాపును, జ్వరాన్ని అణచుతుందని 1960లలో తెలిసింది. అది టి.ఎన్.ఎఫ్. ఉత్పత్తిని తగ్గిస్తుందని 1991లో తేలింది. ఒక చోట ముప్పు తెచ్చిన పనే మరొక చోట ఉపశమనమైంది.

టి.ఎన్.ఎఫ్. మందులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరిగా చేస్తారు. నిద్రాణమైన కుష్ఠును పసిగట్టే నమ్మకమైన పరీక్ష లేదు. 1982 నుండి అమలులో ఉన్న బహుళ ఔషధ చికిత్సతో వ్యాధి పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు. పాశ్చాత్య దేశాలలో చాలామంది వైద్యులు ఈ వ్యాధిని చూసి ఉండరు. కనుక ఇటువంటి మందులు వాడేవారు, అవయవ మార్పిడి జరిగినవారు స్పర్శ లేని మచ్చను గమనిస్తే, తమ బాల్యం ఏ దేశంలో గడిచిందో వైద్యునికి తామే చెప్పాలి. భారతదేశం విడిచి ఇరవై ఏళ్ళయినా సరే.