ఎడమ చెయ్యి వెనకబడితే ఏఐ ఏం చేస్తుంది?

ఇంట్లో పిల్ల వీణ నేర్చుకుంటే పక్క ఫ్లాట్ వాళ్లు ముచ్చటపడతారు. అదే డ్రమ్స్ నేర్చుకుంటే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ డ్రమ్స్ మొదలుపెట్టినవాళ్లకు స్టిక్స్ పట్టుకోవడం కంటే పెద్ద చిక్కు, వాటిని ఎప్పుడు పట్టుకోవాలన్నదే. పొద్దున్న కింది ఫ్లాట్ పెద్దాయన పూజ, మధ్యాహ్నం పక్కింటి అబ్బాయి ఆఫీసు కాల్, సాయంత్రం పై వాళ్ల పిల్లల ట్యూషన్, తొమ్మిది దాటితే అందరి నిద్ర. వీటి మధ్య మిగిలిన కాస్త సందులోనే సొంత ఉద్యోగం, ట్రాఫిక్, వంట, అమ్మ బీపీ మాత్రలు, గ్యాస్ బుకింగ్.

ఈ చిక్కుముడిని ఇప్పుడు చాలామంది చాట్‌జీపీటీ, జెమిని లాంటి ఏఐ సహాయకుల ముందు పెడుతున్నారు. ఫోనుతో మాట్లాడి పని చేయించుకోవడం కొత్తేమీ కాదు. ఐఫోన్‌లో సిరి వచ్చింది 2011లో, అమెజాన్ అలెక్సా 2014లో. అవి చెప్పిన పని చేసేవి, అలారం పెట్టమంటే పెట్టేవి. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక సంగతి మారింది. పరిస్థితి మొత్తం విడమరిచి చెబితే, దానికి తగ్గట్టు ఒక పథకం వేసి ఇస్తుంది. 2024లో జెమిని లైవ్‌కు తెలుగు కూడా రావడంతో టైపు చేసే శ్రమా తగ్గింది.

అయితే అడగడంలోనే ఉంది కిటుకంతా. 'డ్రమ్స్ నేర్చుకోవడానికి ప్లాన్ ఇవ్వు' అని ఊరుకుంటే వచ్చేది పత్రికలో వారఫలాల లాంటిది, ఎవరికైనా సరిపోతుంది, ఎవరికీ పనికిరాదు. ఇంట్లో ఉన్నది రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ ఒక్కటే అయితే, ఆ ప్లాన్‌లో హై-హ్యాట్ పాఠాలూ కిక్ పెడల్ పాఠాలూ కనిపిస్తాయి. అదే ఇలా అడిగితే: 'ఇంట్లో ప్యాడ్ మాత్రమే ఉంది. కిట్ ముందు కూర్చునేది ఆదివారం క్లాసులోనే. వారానికి ఐదు రోజులు, రోజుకు 25 నిమిషాలు. మంగళ, గురువారాలు నైట్ షిఫ్ట్. పారడిడిల్ పాఠం వేగం 80 దాటితే ఎడమ చెయ్యి వెనకబడుతోంది.' అప్పుడు జవాబు దారిలోకి వస్తుంది. 60 వేగంలో, అంటే నిమిషానికి 60 బీట్ల లెక్కన, ఐదు నిమిషాలు సింగిల్ స్ట్రోకులు, 72 దగ్గర పది నిమిషాలు పారడిడిల్, అదీ ఎడమ చేత్తో మొదలుపెట్టి. తర్వాత ఐదు నిమిషాలు, లయకు టిక్కు కొట్టే మెట్రోనోమ్ ఆపేసి నోటితో లెక్క, చివరి ఐదు నిమిషాలు ఇష్టమైన పాట. నైట్ షిఫ్ట్ రోజులు ఖాళీ.

ఈ మాత్రం ప్లాన్ ఏఐ బాగానే వేయగలగడానికి కారణం ఉంది. డ్రమ్స్ సాధన చాలావరకు లెక్కకు అందే వ్యవహారం. 1933లో షికాగోలో చేరిన కొందరు అమెరికన్ డ్రమ్మర్లు పదమూడు మూల పాఠాలను ఏరి, నేర్చుకునేవాళ్లకు తప్పనిసరి అన్నారు. వీటినే రూడిమెంట్స్ అంటారు. పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ఈ జాబితాను నలభైకి పెంచింది. జార్జ్ లారెన్స్ స్టోన్ 1935లో వేసిన 'స్టిక్ కంట్రోల్' పుస్తకంలో పేజీలకు పేజీలు ఉండేది కుడి, ఎడమల అమరికే. పారడిడిల్ అంటే కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. మృదంగం దగ్గర కూర్చున్న పిల్లలు తకధిమిని మూడు కాలాల్లో సాధన చేసినట్టే దీన్నీ నిదానంగా మొదలుపెట్టి, వేగం రెట్టింపు చేసుకుంటూ పోతారు. ఇన్ని దశాబ్దాలుగా అచ్చులో ఉన్న పాఠాలు కాబట్టి ఏఐకి కంఠతా వచ్చినట్టే ఉంటాయి.

కాస్త పక్కకు జరిగితే మాత్రం తడబడుతుంది. ఏడు మాత్రల మిశ్ర నడకను డ్రమ్ ట్యాబ్‌గా, అంటే గళ్ల మీద గుర్తులుగా, రాసిమ్మంటే స్నేర్ వరుసలో ఏడు గళ్లు, హై-హ్యాట్ వరుసలో ఎనిమిది గళ్లు రావచ్చు. వివరణ మాత్రం ఎంతో ధీమాగా ఉంటుంది. వేలుపెట్టి లెక్కబెట్టుకోకుండా వాయిస్తే తప్పు చెయ్యికి పట్టేస్తుంది. చెయ్యికి పట్టిన తప్పును వదిలించుకోవడం కొత్త పాఠం నేర్చుకోవడం కంటే కష్టం.

దీనికన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. 'ఎనభై వేగంలో ఒకటి రెండు మూడు నాలుగు లెక్కపెట్టు, నేను వాయిస్తా' అని ఏఐతో అంటే అది సరేనంటుంది. ఆ పని మాత్రం దానికి అప్పజెప్పకూడదు. ఫోన్‌లోని మెట్రోనోమ్ యాప్ చేసేది కేవలం లెక్క. డిజిటల్ శబ్దంలో సెకనుకు సాధారణంగా 44,100 నమూనాలు ఉంటాయి. 80 వేగం అంటే సరిగ్గా 33,075 నమూనాలకు ఒక టిక్కు. ఒక్కటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. భాషా నమూనా మీద నడిచే ఏఐ సహాయకుడు చేసేది తర్వాతి మాట ఏమిటో ఊహించడం. 'రెండు' తర్వాత 'మూడు' రావాలని దానికి తెలుసు, ఎన్ని క్షణాలకు రావాలో తెలియదు. గొంతుతో మాట్లాడేటప్పుడు ఇంటర్నెట్ ఆలస్యం దానికి అదనం. మేల్జెల్ 1815లో పేటెంటు తీసుకున్న కీ ఇచ్చే లోలకం మెట్రోనోమ్ ఈ ఒక్క విషయంలో నేటి అతి తెలివైన ఏఐ కంటే నమ్మదగ్గది.

మెట్రోనోమ్ సరిగ్గా ఉన్నా చెవికి చేరేసరికి ఆలస్యం కావచ్చు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం వంద నుంచి రెండువందల మిల్లీసెకన్ల దాకా వెనకబడటం మామూలే. సినిమా చూసేటప్పుడు ఫోను దీన్ని సర్దేస్తుంది కాబట్టి తెలియదు. డ్రమ్స్‌లో అలా కాదు. 120 వేగంలో ఒక బీటును నాలుగు చేసి వాయిస్తే రెండు దెబ్బల మధ్య దూరం 125 మిల్లీసెకన్లే. ఎలక్ట్రానిక్ కిట్ మీద వాయిస్తూ ఆ చప్పుడే బ్లూటూత్‌లో వింటే, కొట్టిన దెబ్బ పక్క దెబ్బ స్థానంలో వినిపిస్తుంది. నేర్చుకునేవాడు తన చేతినే తిట్టుకుంటాడు. ఇరవై అడుగుల తీగ ఉన్న పాత హెడ్‌ఫోన్ ఇంట్లో ఉంటే దాన్ని పారేయకూడదు.

ఇంత కచ్చితత్వం గురించి చెప్పాక దీని రెండో వైపు కూడా చెప్పాలి. గొప్ప డ్రమ్మర్లు గడియారంలా వాయించరు. టోటో బృందం డ్రమ్మర్ జెఫ్ పోర్కారో, గాయకుడు మైకేల్ మెక్‌డొనాల్డ్ పాడిన 1982 నాటి ఒక పాటలో ఒంటిచేత్తో హై-హ్యాట్ మీద వాయించిన దెబ్బలను కొందరు పరిశోధకులు ఒక్కొక్కటిగా కొలిచి 2015లో ప్రచురించారు. ప్రతి దెబ్బా మిల్లీసెకన్ల లెక్కన ముందుకో వెనక్కో జరుగుతూనే ఉంది. ఆ జరగడం గుడ్డిగా జరిగింది కాదు, పాట పొడవునా దానికో క్రమం ఉందని తేలింది. ఈ ఊగిసలాటను యంత్రానికి నేర్పాలని గూగుల్ మజెంటా బృందం 2019లో ప్రయత్నించింది. డ్రమ్మర్ల చేత ఎలక్ట్రానిక్ కిట్ మీద వాయింపించి, 13.6 గంటల వాయిద్యాన్ని సేకరించింది. బిగుసుకుపోయిన కంప్యూటర్ లయను ఇస్తే, దానికి మనిషి చేతి వాటం అద్ది తిరిగిచ్చే నమూనాను దాంతో తయారు చేసింది. మనుషులేమో మెట్రోనోమ్‌తో కుస్తీ పడుతుంటే, యంత్రాన్ని మనిషిలా కాస్త అటూ ఇటూ ఊగమని నేర్పుతున్నారన్నమాట.

ఏఐ వల్ల డ్రమ్స్ విద్యార్థులకు ఒనగూడిన అసలైన లాభం షెడ్యూళ్లలో కంటే పాటలను విడగొట్టడంలో ఉంది. బీటిల్స్ 1966 ఆల్బమ్ 'రివాల్వర్'ను నాలుగు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. 'ట్యాక్స్‌మ్యాన్' పాటలో గిటారు, బేస్, డ్రమ్స్ మూడూ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉన్నాయి. యాభై ఏళ్లు వాటినెవరూ విడదీయలేకపోయారు. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌తో వాటిని వేరుచేసి, నిర్మాత జైల్స్ మార్టిన్ 2022లో ఆ ఆల్బమ్‌ను కొత్తగా మిక్స్ చేశాడు. అలాంటి విద్యే ఇప్పుడు మామూలు ఫోనులో దొరుకుతోంది. ఫ్రాన్స్ సంస్థ డీజర్ 2019లో స్ప్లీటర్ అనే ఉపకరణాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. పాటను గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అంటూ నాలుగు పాయలు చేస్తుందది. మొయిజెస్ లాంటి యాప్‌లు ఈ పనినే తేలిక చేశాయి. డ్రమ్స్ పాయ తీసేసి ఆ స్థానంలో తాను వాయించవచ్చు, లేదా డ్రమ్స్ ఒక్కటే ఉంచుకుని సగం వేగంలో వినవచ్చు. తమన్ సంగీత దర్శకుడు కాకముందు డ్రమ్మర్. 2003లో 'బాయ్స్' సినిమాలో తెర మీద కనిపించిందీ డ్రమ్మర్ పాత్రలోనే. ఆ తరం వాళ్లు క్యాసెట్టును వెనక్కి తిప్పి తిప్పి విని పట్టుకున్న లయలను ఇప్పటివాళ్లు విడిగా తీసుకుని వినొచ్చు. అయితే తెలుగు సినిమా పాటల్లో డప్పు, ఢోలక్, తబలా, కిట్ అన్నీ కలగలిసి ఉంటాయి. యాప్ వాటన్నిటినీ ఒకే 'డ్రమ్స్' సంచిలో వేయవచ్చు. అందులో కిట్ ఏదో, డప్పు ఏదో తేల్చుకోవాల్సింది చెవే.

మళ్లీ ఇంటి విషయానికొస్తే, ఏఐ సహాయకులతో చాలా మంచి ఉపయోగం చిట్టా రాయించడం. సాధన అయిన వెంటనే ఫోనులో తెలుగులోనే చెప్పేయొచ్చు: 'ఇవాళ పారడిడిల్ 84. మూడో నిమిషంలో ఎడమ మణికట్టు బిగుసుకుంది.' అది పట్టికలో రాసుకుంటుంది. నెల తర్వాత 'ఎక్కడ ఆగిపోయాను?' అని అడిగితే, వేగం పెరగని పాఠాలనూ, మానేసిన రోజులనూ వరుసగా చూపిస్తుంది. మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన ప్రసిద్ధ అధ్యయనంలోనూ విద్యార్థుల చేత దినచర్య డైరీలు రాయించారు. బాగా వాయించేవాళ్లు సాధనను విడతలుగా చేసుకుని మధ్యలో విశ్రాంతి తీసుకుంటున్నారని, మధ్యాహ్నం కునుకు కూడా ఎక్కువ తీస్తున్నారని ఆ డైరీల్లోనే తెలిసింది. సాధన పేరుతో నిద్ర చెడగొట్టుకునేవాళ్లకు చూపించదగ్గ సంగతి ఇది.

చిట్టా చూసి ఏఐ ఇచ్చే కితాబులను మాత్రం పట్టించుకోనక్కర్లేదు. 'అద్భుతం, మీ పట్టుదల గొప్పది' అనడం దానికి అలవాటు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తెచ్చిన ఒక మార్పు తర్వాత చాట్‌జీపీటీ పొగడ్తలు మితిమీరి, ఆ సంస్థ దాన్ని కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 'మెచ్చుకోలు వద్దు, తప్పులే చెప్పు' అని ముందే చెప్పుకోవడం మేలు. అప్పుడు కూడా చెప్పిన మాటలను బట్టే అది మాట్లాడుతుంది. మోచెయ్యి పైకి లేస్తోందని, కూర్చునే స్టూలు ఎత్తు ఎక్కువైందని ఆదివారం మాస్టారు ఒక్క చూపులో పట్టేస్తారు. 'బాబూ, ముందు ఆ స్టూలు రెండు మరలు దించు' అంటే చాలు, నెల రోజుల మణికట్టు నొప్పికి మందు దొరుకుతుంది.

ఇతర పనుల్లో ఏఐ సాయం ఇంకా నేరుగా ఉంటుంది. డాలస్‌లో ఉన్న తెలుగు పిల్లవాడు విజయవాడ గురువు దగ్గర ఆన్‌లైన్‌లో మృదంగం నేర్చుకుంటున్నాడనుకుందాం. ఆదివారం పొద్దున్న ఏడింటికి ఇక్కడ క్లాసు. చలికాలంలో అది డాలస్‌లో శనివారం రాత్రి ఏడున్నర, మార్చిలో అక్కడి గడియారాలు మార్చాక ఎనిమిదిన్నర. ఏటా రెండుసార్లు ఒక క్లాసు పోయేది ఇక్కడే. క్యాలెండర్‌కు అనుసంధానమైన సహాయకుడు ఉంటే ఈ తలనొప్పి తప్పుతుంది. షిఫ్టు మారిన వారం ఫీజు గడువు, కరెంటు బిల్లు, డాక్టరు అపాయింట్‌మెంట్‌తో పాటు సాధన వేళలను కూడా ఒక్క మాటతో జరిపించవచ్చు. బ్యాంకు పాస్‌వర్డ్, ఆధార్ నంబరు మాత్రం ఈ సంభాషణల్లో పెట్టకూడదు.

షెడ్యూలు వేయించేటప్పుడు ఏఐకి తప్పక చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి చెవుల సంగతి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. వంద డెసిబెల్స్ దగ్గర మిగిలేది పావుగంటే. మూసిన గదిలో అసలు డ్రమ్ కిట్ ఆ వంద దాటడం కష్టమేమీ కాదు కాబట్టి, ఇయర్‌ప్లగ్స్ లేకుండా గంట ప్లాన్ వేయించుకోవడం ప్రమాదం. రెండోది నేల సంగతి. రోలాండ్ 1997లో తెచ్చిన మెష్ తొడుగుల ఎలక్ట్రానిక్ కిట్ల దగ్గర్నుంచి పై చప్పుడు బాగా తగ్గింది, కానీ కిక్ పెడల్ అదురు శ్లాబు గుండా కింది ఇంట్లోకి దిగుతుంది. హెడ్‌ఫోన్‌లో వాయించేవాడికి ఆ విషయమే తెలియదు. కాళ్ల సాధన పగటికి, చేతుల సాధన రాత్రికి విడగొట్టమంటే ఏఐ క్షణంలో విడగొడుతుంది. రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు పెట్టి దాని మీద కిట్ నిలబెట్టడం డ్రమ్మర్లలో పాత చిట్కా. కొలతలు చెబితే ఎన్ని బంతులు ఎక్కడెక్కడ పెట్టాలో కూడా గీసిస్తుంది. బరువు ఎక్కువ పడేది స్టూలు కింద, కాబట్టి అక్కడ బంతులు దగ్గర దగ్గరగా ఉండాలి. గీసిచ్చిన దాంట్లో ఆ తేడా ఉందో లేదో వడ్రంగిని పిలిచే ముందే చూసుకోవాలి.