నకులేష్ట: ముంగి యెఱిఁగిన మూలిక

పాముతోఁ బోరు ముంగి, కాటు తగిలిన వెంటనే పొదలోనికిఁ బోయి యొక వేరు కొఱికి, విషము విఱిగిన పిదప మరలఁ బోరునకు వచ్చునని యాంధ్రదేశమున జనులు చెప్పుదురు. పూర్వము కృష్ణామండలమునఁ జేరియుండి, 2022వ సంవత్సరమునుండి ఎన్టీఆర్ జిల్లాలో నున్న జగ్గయ్యపేట, నందిగామ మెట్టసీమలందుఁ బ్రత్తి, మిరపచేలలోఁ బనిచేయువారికి నీ మాట వినోదకథ మాత్రము గాదు. పాము కఱచినపుడు ఏ మందు నాశ్రయింపవలెనను ప్రశ్న దీనిలో నిమిడియున్నది. కావున నీ విశ్వాసము శబ్దమునందెంతవఱకు, వస్తువునందెంతవఱకు నిలుచునో విచారింపఁదగును.

విశ్వాసము మిక్కిలి ప్రాచీనము. అథర్వవేదము ఎనిమిదవ కాండమున ఏడవ సూక్తమందు, ఓషధుల నెఱిఁగిన జంతువులలో వరాహముతోపాటు నకులమును జెప్పఁబడినది. అమరకోశమున వనౌషధివర్గమందు నాకులి, నకులేష్ట, భుజంగాక్షి యను పర్యాయములు గలవు.

నకులమనఁగాఁ గులము లేనిది. నఞ్సమాసమందు నకారము లోపింపవలసియుండఁగా, అట్లు లోపింపని నక్షత్ర నపుంసకాది శబ్దములతోఁ జేర్చి పాణిని దీనిని (6-3-75) బఠించెను. నకులసంబంధి యను నర్థమున అణ్ప్రత్యయమును, స్త్రీత్వమున ఙీప్పును జేరఁగా ‘నాకులీ’ యగును. ‘నకులేష్ట’ నకులమునకు ఇష్టమైనది, ఇది షష్ఠీసమాసము. ‘భుజంగాక్షి’ పాముకన్నును దలఁపించునది. ఈ మూఁటిలో నేదియు ‘విషము హరించునది’ యను నర్థము నీయదు. శబ్దము సంబంధమును, ప్రీతిని, పోలికను జెప్పి విరమించును. తక్కినది లోకము చేర్చినది.

ఇట్టి చేర్పు మనకే ప్రత్యేకము గాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమకపండితుఁడు ప్లినీ, ముంగినిఁ బోలిన వీజిల్ అను జంతువు సర్పములతోఁ బోరునపుడు సదాపాకు దినునని వ్రాసెను. 12, 13వ శతాబ్దములందు ఇంగ్లండులో వ్రాయఁబడిన జంతుగ్రంథములు, ఆ జంతువే వైద్య మెఱిఁగి తన చచ్చిన పిల్లలను బ్రదికించునని చెప్పినవి. ఆ గ్రంథములందు ఒంటికొమ్ము మృగమును, గ్రద్దతలయు సింహపుమేనును గల గ్రిఫినును నిజజంతువుల సరసనే వర్ణింపఁబడినవి.

ఇఁక వస్తువిచారము. నాకులి యేది యనుటలో నభిప్రాయములు భిన్నములు. కొందఱు సర్పాక్షి యనిరి. కొందఱు సర్పగంధ యనిరి. సర్పాక్షికి 1753లో లినేయస్ పెట్టిన ఓఫియోరైజా ముంగోస్ అను పేరున మొదటిపదమునకు గ్రీకుభాషలోఁ బామువేరని యర్థము. రెండవది ముంగినిఁ జెప్పునది. ఇట్లు మన కథ వృక్షశాస్త్రమునకును నెక్కినది. సర్పగంధనుండి 1952లో రిసర్పిన్ అను ద్రవ్యము వేఱుచేయఁబడినది. అది రక్తపుపోటును దగ్గించును. కావున వేరున గుణము లేకపోలేదు. కాని యది పాము విషమును హరించు గుణము గాదు.

ముంగి బ్రదుకుటకుఁ గారణము వేఱు. నాగుపాము విషము కండరములందు నాడీసంకేతములను గ్రహించు స్థానములఁ బట్టుకొని యవి పనిచేయకుండఁ జేయును. ముంగిలో నా స్థానముల నిర్మాణము భిన్నమగుటచే విషము వానిని బట్టఁజాలదని 1992లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. చుఱుకుఁదనమును, దట్టమైన రోమములును దానికిఁ దోడు. మందు ముంగి మేనిలోనే యున్నది; పొదలో లేదు. మనుష్యునకు అట్టి రక్షణము లేదు.

మనుష్యునకుఁ బనికివచ్చు మందును మఱియొక జంతువే యిచ్చినది. 1895 ప్రాంతమున ఫ్రెంచివైద్యుఁడు కాల్మెట్ ప్రతివిషమును సిద్ధముచేసెను. గుఱ్ఱమునకు విషమును గొంచెము గొంచెముగా నెక్కించి, దాని రక్తరసమునుండి దీనిని దీయుదురు. మనదేశమున నిది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాల్గింటి విషములకుఁ జేయఁబడును. మహాభారతమున నశ్వవిద్యాకోవిదుఁడును, విరాటుని కొలువున గుఱ్ఱములఁ గాచినవాఁడును నకులుఁడే యగుట పండితు లెఱిఁగినదే.

బడిలో నకులశబ్దమును వ్యుత్పాదించునపుడు ఈ భేదమును గూడఁ జెప్పుట మేలు. పాము కఱచినవాఁడు వేరు వెదకుచుఁ గడపిన గడియ మరల రాదు. ఆ గడియలో వైద్యశాల చేరవలెను.