బరువు తగ్గాలి, మనసు కుంగకూడదు

పాతరోజుల్లో పెద్ద రైల్వేస్టేషన్లలో బరువు చూసే యంత్రం ఉండేది. రంగురంగుల దీపాలు, అద్దం వెనక గిర్రున తిరిగే చక్రం. ఎక్కి నిలబడి రూపాయి వేస్తే టక్కున అట్టముక్క పడేది. దానిమీద ఒకపక్క మన బరువు, రెండోపక్క మన జాతకం. మా నాన్నగారు బరువు చూసుకుని, అట్టముక్క తిప్పి వెనక రాసిన ధనయోగాన్ని పైకి చదివి నవ్వేవారు. జేబులో వేసుకున్న సందర్భం ఒక్కటీ లేదు.

ఇప్పుడా యంత్రం మన పడకగదిలోకి వచ్చేసింది. వెనకపక్క ఏమీ రాసి ఉండదు. అయినా మనమే రాసుకుని మనమే చదువుకుంటాం. కిలో తగ్గితే ఆ రోజంతా ఉత్సాహం, ప్రార్థనలో స్తుతి. అరకిలో పెరిగితే దేనికీ పనికిరానివాళ్లం, నిగ్రహం లేనివాళ్లం, దేవుని ముందు తలెత్తలేనివాళ్లం. ఆ రెండోపక్క చదవడం తగ్గించుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. పూర్తిగా మానానని చెప్పలేను.

మాది గాజువాక. మావారు ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగి, నేను టీచరును. ముందటి ఏడాది అక్టోబరులో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ప్రేమవిందు జరుగుతోంది. పళ్లెం పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబోతుంటే, నన్ను ఎంతో అభిమానించే ఒక సహోదరి "వదినా, చూసి కూర్చో. కుర్చీకి కూడా ప్రాణం ఉంటాది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఆవిడ అన్న మాటకన్నా, అందరితో కలిసి నేను కూడా నవ్వానే, అదే ఎక్కువ బాధించింది.

అదే నెలలో రక్తపరీక్ష చేయించుకున్నాను. మూడు నెలల చక్కెర సగటు 8.1 వచ్చింది. బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. మన దేశపు స్త్రీలకు 80, పురుషులకు 90 దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. డాక్టరుగారు నన్ను 60 కిలోలకు రమ్మనలేదు. "ముందు ఒక నాలుగైదు కిలోలు తగ్గండమ్మా" అన్నారు. ఉన్న బరువులో నూటికి ఐదు నుంచి పది పాళ్లు తగ్గినా చక్కెర, రక్తపోటు చెప్పుకోదగినంత దిగుతాయట. ఆ మాట విని ఊరుకుంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇది నా ఒక్కదాని సమస్య కాదని తర్వాత తెలిసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో 31 మంది ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్యలు 24, 23 మాత్రమే. అంటే ఆ ప్రేమవిందులో ప్రతి మూడు కుర్చీలకు ఒక కుర్చీ మాలాంటివారిదే. నవ్వినవాళ్లలోనూ ఉండే ఉంటారు.

నాకు పట్టుదల వచ్చింది. పట్టుదల అనుకున్నాను గానీ అది నామీద నాకు కోపం. ఎవరో సెల్‌ఫోనుకు దానియేలు ఉపవాసం అని పంపించారు. శాకధాన్యాదులు, నీళ్లు, పది రోజులు. ఆ అధ్యాయం చిన్నప్పటినుంచి సండేస్కూల్లో పిల్లలకు చెబుతున్నదాన్నే, అయినా ఒక సంగతి గమనించలేదు. పది రోజులు గడిచాక ఆ నలుగురు యువకులు రాజభోజనం తిన్నవారికన్నా కండపుష్టితో కనిపించారు! దానియేలు సన్నబడడానికి శాకాహారం కోరుకోలేదు. రాజు బల్లమీది భోజనం తిని అపవిత్రుడు కాకూడదనుకున్నాడు, అంతే. సన్నబడడానికి ఆయన పేరు వాడుకునేవాళ్లు ఆ చివరి వచనాలు ఎందుకు చదవరో!

నేను దానియేలుకన్నా నాలుగాకులు ఎక్కువే చదివాననుకున్నాను. పొద్దున ఏమీ లేదు. మధ్యాహ్నం కీరదోసకాయ ముక్కలు, రాత్రి గ్లాసుడు మజ్జిగ. శుక్రవారం కూడికకు పూర్తి ఉపవాసం. పన్నెండు రోజుల్లో మూడు కిలోలు తగ్గాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం మావారు సి షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే, తలుపు చప్పుడైందని నేనే కేకలు వేసేదాన్ని. బడిలో పిల్లల నోటుపుస్తకాలు విసిరికొట్టాను. ప్రార్థనకు మోకరిస్తే కళ్లముందు బిర్యానీ. నా విశ్వాసం చల్లారిపోయిందనుకుని ఇంకో పూట మానేసేదాన్ని.

మూడో శుక్రవారం కూడికలో పాట మధ్యలో ఒళ్లంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. పక్కనున్నవారిలో ఒకరు పరిశుద్ధాత్మ తాకిడి అన్నారు, మరొకరు దురాత్మ అన్నారు. అదృష్టవశాత్తూ వెనక వరుసలో ఒక నర్సు ఉంది. ఎవరితోనూ వాదించలేదు, నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించింది. సంచిలోంచి పరికరం తీసి వేలు గుచ్చి చూస్తే చక్కెర 52. చక్కెర మాత్రల్లో కొన్ని ఖాళీ కడుపుమీద వేసుకుంటే రక్తంలో చక్కెరను 70కన్నా కిందికి లాగేస్తాయి. స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. మాత్ర వేసుకున్న సంగతి ఉపవాసానికి చెప్పలేదు, ఉపవాసం సంగతి డాక్టరుకు చెప్పలేదు. తప్పు ముమ్మాటికీ నాదే. చక్కెర జబ్బుతో ఉపవాసం ఉండాలనుకునేవారు దయచేసి ముందు మీ డాక్టరుగారితో మాట్లాడండి. మాత్రలు మార్చాలో, మోతాదు తగ్గించాలో, అసలు ఉపవాసమే వద్దో ఆయన చెబుతారు.

ఆ తర్వాతి శుక్రవారం సిగ్గుతో కూడికకు వెళ్లకూడదనుకున్నాను. పాస్టరమ్మగారే ఇంటికి వచ్చి వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. అందరూ ఉపవాసమున్న ఆ గదిలో, వెనక బల్లమీద స్టీలు డబ్బా మూత తీసి రెండు ఇడ్లీలు నా ముందు పెట్టారు. "తినండమ్మా, తిన్నాక ప్రార్థన చేద్దురుగాని" అన్నారు. అంతమందిలో తినడం అంత సులువు కాలేదు. ఆవిడ నాకు ఏ వాక్యమూ చెప్పలేదు. ఏలీయా నాకే గుర్తుకొచ్చాడు. బదరీవృక్షం కింద కూలబడి ఇక చాలు, చనిపోతానన్న ఆ ప్రవక్తను దేవుడు మందలించలేదు. దూతను పంపి నిప్పులమీద కాల్చిన అప్పము, నీళ్లు ఇప్పించాడు. తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాతే. కుంగిపోయిన మనిషికి దేవుడు ముందు పెట్టింది తిండి, నిద్ర.

ఆ కుంగుబాటు విశ్వాసలోపం కాదని చెప్పే పాత ప్రయోగం ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1944 చివర, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులను తీసుకున్నాడు. వాళ్లలో చాలామంది యుద్ధంలో తుపాకీ పట్టబోమన్న క్రైస్తవ శాంతి సంఘాలవారు. ఐరోపాలో ఆకలితో మాడుతున్నవారికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకునేందుకు తమ దేహాలను అప్పగించారు. ఆరోగ్యంగా ఉన్న వారికి ఇరవైనాలుగు వారాలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీల భోజనం పెట్టి, వారానికి 22 మైళ్లు నడిపించారు. ఒంట్లో దాదాపు పాతికపాళ్లు తగ్గారు. సాటిమనుషుల కోసం ఆకలికి సిద్ధపడ్డ ఆ సాత్వికులు చిరాకుపడ్డారు, ముడుచుకుపోయారు, దిగులుపడ్డారు. కలల్లో తిండి, చేతుల్లో వంటల పుస్తకాలు. వాళ్ల భక్తికి ఏ లోటూ రాలేదు, దేహానికి తిండి చాలలేదు. వాళ్లు మొదట్లో సన్నని మనుషులే కాబట్టి వాళ్ల కష్టం, నా కష్టం ఒకటి కాదు. అయినా కీరదోసకాయ ముక్కలతో నేను చేసుకున్నది 1,570కి ఎంతో తక్కువని లెక్కకడితే తేలింది. నోటుపుస్తకాలు విసిరింది ఎవరో అప్పుడర్థమైంది.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి డాక్టరుగారు చెప్పినట్టు. పొద్దున చోడంబలి, ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం అన్నం సగం, పప్పు, కూర రెట్టింపు. వారానికి రెండుసార్లు చేపల పులుసు, వేపుడు మాత్రం మానేశాను. మావారికి ఎ షిఫ్టు ఉన్న రోజుల్లో ఆయన బస్సెక్కగానే నేను నడకకు బయల్దేరేదాన్ని. అప్పటికింకా చీకటి. చీకటే నాకు కావలసింది. బీచ్ రోడ్డులో తెల్లవారగానే నడిచేవాళ్లను ఎప్పుడైనా చూశారా? బూట్లు, టీషర్టులు, చేతికి గడియారాలు, సన్నటి నడుములు. సన్నగా ఉన్నవాళ్లు నడిస్తే వ్యాయామం, లావుగా ఉన్నవాళ్లు నడిస్తే తమాషా. అందుకే చాలామంది ఇల్లు కదలరు. నేను ఉక్కునగరం వైపు చెట్లున్న రోడ్లమీద, చీరకొంగు బిగించి, ఎవరూ లేవకముందే నడిచి వచ్చేదాన్ని.

నెలకు కిలో తగ్గడమే గగనమైపోయింది. ఒక్కోసారి నెలంతా కదలేదు. ఇక్కడే మనసు జారిపోతుంది. ఆదివారం బిర్యానీ తిని సోమవారం పొద్దున యంత్రం ఎక్కితే కిలోకు పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక్క పూటలో అంత కొవ్వు పట్టదు, అందులో ఎక్కువ భాగం ఉప్పు పట్టి ఉంచిన నీరే. ఈ సంగతి తెలియక ఎన్ని సోమవారాలు ఏడ్చానో! డాక్టరుగారు యంత్రాన్ని వారానికొకసారి మాత్రమే ఎక్కమన్నారు. నడుముకు టేపు పెట్టి చూసుకోమన్నారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నానో లెక్కపెట్టమన్నారు. కుర్చీ అనగానే నాకు నవ్వొచ్చింది.

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఇచ్చినవారు శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి. 54 కిలోల తరగతిలో 1994, 1995లలో ప్రపంచ విజేత అయిన ఆమె 2000 నాటికి 69 కిలోల తరగతికి వచ్చారు. లావైపోయింది, పని అయిపోయింది అని పత్రికల్లో రాసినవాళ్లున్నారు. ఆ సెప్టెంబరులో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆమెకున్నది క్రీడాకారిణి దేహం, నాది కాదు. కానీ ఆమె ఏమి ఎత్తగలదో ఆమె బరువు అంకెలో లేదు.

నడకలో ఇప్పుడు నేను ఒంటరిని కాను. 2011లో అమెరికాలోని శాడిల్‌బ్యాక్ సంఘ కాపరి రిక్ వారెన్ తన సంఘస్థులతో కలిసి బరువు తగ్గే కార్యక్రమం మొదలుపెట్టారు. దానికీ దానియేలు పేరే పెట్టారనుకోండి! చిన్న గుంపులుగా కలిసి చేసినవారికి ఎక్కువ ఫలితం కనిపించిందని వారు చెబుతారు. మా గుంపు నలుగురం. నాలుగో మనిషి ఎవరనుకున్నారు? కుర్చీ సహోదరి. ఒక రోజు చీకట్లో నా వెనక పరుగులాంటి నడకతో వచ్చి, "వదినా, నాకూ చక్కెర వచ్చింది" అంది. ఆ పాతమాట గురించి క్షమించమని అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఆవిడ నడక నాకన్నా వేగం. సౌలు ఇచ్చిన కవచం తొడుక్కుని దావీదు నడవలేకపోయినట్టు, ఆవిడ వేగంతో నడిస్తే నా మోకాళ్లు ఒప్పుకోవు. ఆవిడ ముందు వెళ్లి మలుపులో ఆగుతుంది.

మా నలుగురిలో ఒకామెకు డాక్టరు వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్ రాశారు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి కదా, అలాంటిదే. అది ఎవరికి తగునో డాక్టరే చెప్పాలి. ఆమె దాన్ని దొంగతనంలా దాచిపెట్టింది, మాకు చెప్పడానికి రెండు నెలలు పట్టింది. రక్తపోటు మాత్ర వేసుకున్నవారిని ఎవరూ సోమరులనరే, దీనికెందుకు సిగ్గు?

ఓడరేవు పక్కన రాస్ హిల్ మీది మరియమాత గుడి విశాఖవాసులందరికీ తెలిసిందే. 1864లో రాస్ అనే ఆయన ఇల్లు కట్టుకున్న కొండ అది. ఏటా డిసెంబరు 8న పండుగ. మాది వేరే సంఘమైనా, మా పక్కింటి కథోలిక సహోదరి పిలిస్తే వెళ్తుంటాను. ముందటి ఏడాది, ఆ ఇడ్లీల రోజులు గడిచిన కొత్తలో, ఆ కొండ ఎక్కుతూ ఐదుచోట్ల ఆగాను. ఒకచోట గోడ పట్టుకుని నిలబడి, పిల్లలు నన్ను దాటి పరుగెత్తుతుంటే తల దించుకున్నాను.

మొన్న డిసెంబరు 8న మళ్లీ వెళ్లాను. బరువు 77. పెళ్లిళ్ల రోజుల్లో రెండు పెరిగి, ఒకటిన్నర దిగి, అక్కడ ఆగింది. చక్కెర 6.8. దారిలో ఒక్కచోట ఆగాను, అదీ పక్కింటావిడ చెప్పు తెగినందుకు. పైకి చేరాక కింద ఓడరేవు కాలువలోకి ఒక పెద్ద ఓడ వస్తోంది. పడవలు దాన్ని పట్టుకుని మెల్లగా లోపలికి తెస్తున్నాయి.

"ఎంత తగ్గావు వదినా?" అని అడిగిందావిడ.

"ముందు నీ చెప్పు సంగతి చూడు" అన్నాను. ఓడ రేవులోకి పోయేదాకా అక్కడే కూర్చుని, ఎండ ఎక్కకముందే దిగాం.